ఎస్టిమేటుకు ఎక్కని ఎండ

మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన పది పదిహేను నిమిషాలకు, హైదరాబాదుకు పడమరన ఉన్న చేవెళ్ళలో నిటారుగా పాతిన కర్రకు నీడ పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో ఇదే జరుగుతుంది. ఈ రెండు తేదీల నడుమ సూర్యుడు మధ్యాహ్నం వేళ కాస్త ఉత్తరానికి జరుగుతాడు గానీ, అది దాదాపు ఆరు డిగ్రీలే. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న ప్రతి ఊరి సంగతీ ఇంతే. కాబట్టి చేవెళ్ళలోనైనా మొయినాబాద్‌లోనైనా ఒక అంతస్తు కట్టడానికి వేసవి ఎండ దెబ్బ ముందుగా, అన్నిటికంటే గట్టిగా తగిలేది స్లాబుకే. పడమటి గోడ సాయంత్రం కాసేపు కాలుతుంది. స్లాబు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా కాలుతూనే ఉంటుంది.

ప్రజల డబ్బుతో ఈ రెండు మండలాల్లో కట్టినవాటిని ఒకసారి తలుచుకోండి. ప్రాథమిక పాఠశాల, అంగన్‌వాడీ, గ్రామ పంచాయతీ కార్యాలయం, ఆరోగ్య ఉపకేంద్రం, రైతువేదిక, మహిళా సంఘం భవనం, మధ్యాహ్న భోజనం వండే షెడ్డు. దాదాపు అన్నీ ఒక అంతస్తువే, మహా అయితే రెండు. ఇక్కడికి ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో గచ్చిబౌలి, కోకాపేటల్లో నలభై అంతస్తుల అద్దాల మేడలున్నాయి. ఆ మేడల్లో స్లాబు కింద ఉండే అంతస్తు ఒక్కటే. వాటికి సమస్య కిటికీలతో. మనవాటికి సమస్య పైకప్పుతో. మన దేశంలో భవనాల ఇంధన నియమాలు ఎక్కువగా ఆ మేడలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఈ అధ్యాయమంతా ఆ తేడా గురించే.

ముందు లెక్క చూద్దాం. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న ఒక తరగతి గది. పైన 37 చదరపు మీటర్ల స్లాబు, ఐదు అంగుళాల మందం. ఏ పూతా లేక, వానలకు పాచిపట్టి నల్లబడింది. ఏప్రిల్ చివర్లో మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద 950 వాట్ల ఎండ పడుతుందనుకుందాం. మాసిన కాంక్రీటు అందులో దాదాపు మూడింట రెండు వంతులు పీల్చుకుంటుంది. బయట గాలి 40 డిగ్రీలున్నా, పీల్చుకున్న ఎండను కూడా కలిపితే ఆ స్లాబు 63 డిగ్రీల గాలిలో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. లోపల గది 36 డిగ్రీలు. తేడా 27 డిగ్రీలు.

ఇప్పుడు ఒక అంకెను పరిచయం చేయాలి. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పేది యు-విలువ. ఇది ఎంత తక్కువైతే కప్పు అంత మంచిది. ఉత్త ఐదంగుళాల ఆర్‌సీసీ స్లాబుకు అది సుమారు 3.5. కాంక్రీటు బలమైనదే గానీ వేడిని ఆపడంలో చాలా బలహీనం. 27ను 3.5తో, దాన్ని 37తో హెచ్చవేస్తే మూడున్నర కిలోవాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు మూడున్నర, ముఖం కిందికి తిప్పి పిల్లల తలల మీద వేలాడదీసినంత వేడి అది. స్లాబు బరువైనది కాబట్టి ఈ వేడి అదే నిమిషంలో దిగదు. తీవ్రత కొంత తగ్గి, మూడు నాలుగు గంటలు ఆలస్యంగా దిగుతుంది. ఆ ఆలస్యం సంగతి తర్వాత చెబుతాను, అది చిన్న విషయం కాదు.

అదే స్లాబుకు పైన తెల్లటి పూత వేశామనుకోండి. పీల్చుకునేది మూడింట రెండు వంతుల నుంచి మూడో వంతుకు పడిపోతుంది, తేడా 27 నుంచి 13 డిగ్రీలకు దిగుతుంది, లోపలికొచ్చే వేడి 1.7 కిలోవాట్లు. పూత వేయకుండా, స్లాబు మీద వేడి నిరోధక పొర పరిచి యు-విలువను 1.2కు తెచ్చామనుకోండి. అప్పుడు 1.2 కిలోవాట్లు. రెండూ చేస్తే 0.6 కిలోవాట్లకు లోపే. మూడున్నర నుంచి అర కిలోవాటుకు కాస్త పైన. గోడలు ముట్టుకోలేదు, కిటికీలు మార్చలేదు, కరెంటు వాడలేదు.

ఈ 1.2 అనే అంకె నేను తోచినట్టు ఎంచుకున్నది కాదు. నివాస భవనాల కోసం 2018 డిసెంబరులో విడుదలైన ఎకో నివాస్ సంహితలో పైకప్పుకు పెట్టిన గరిష్ఠ పరిమితి అదే. వాణిజ్య భవనాల నియమావళి ఇంకా కఠినం, హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణంలో చాలా రకాల భవనాలకు 0.33 అడుగుతుంది. మనం కట్టే ఉత్త స్లాబు దానికి పది రెట్లు దూరంలో ఉంది.

నియమాలు లేక కాదు. శక్తి పొదుపు చట్టం 2001లో వచ్చింది, 2002 మార్చి 1న అమలులోకి వచ్చింది, ఆ రోజే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. 2007 మేలో ఆ సంస్థ భవనాలకు ఇంధన పొదుపు నియమావళిని ప్రకటించింది. అందరూ ఈసీబీసీ అనేది దాన్నే. 2017లో దాన్ని తిరగరాశారు. ఈసీబీసీ రాకముందే హైదరాబాదులో ఒక గొప్ప నమూనా లేచింది. కొండాపూర్ దగ్గర సీఐఐ, రాష్ట్ర ప్రభుత్వం, గోద్రెజ్ కుటుంబ ఫౌండేషన్ కలిసి కట్టిన గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందింది. అమెరికా బయట ఆ గుర్తింపు దక్కిన తొలి భవనం అదే. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. పైకప్పు మీద తోట, గోల్కొండ కాలాన్ని గుర్తుచేసే జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గోపురాలు. చూడవలసిన కట్టడం. కానీ దానికి కూతవేటు దూరంలో ప్రభుత్వం ఆ తర్వాత కట్టిన బడులు ఉత్త స్లాబులతోనే లేచాయి. ఒక్క ఆదర్శ భవనం పక్క భవనాన్ని కూడా మార్చలేదు. దాని వెనక రాత ఉండాలి, ఆ రాత డబ్బుతో ముడిపడి ఉండాలి.

రాత 2014 జనవరి 28న వచ్చింది. రాష్ట్రం విడిపోవడానికి నాలుగు నెలల ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈసీబీసీని ఇక్కడి పరిస్థితులకు తగ్గట్టు మార్చి తప్పనిసరి చేసింది. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ఐఐఐటీ ఆచార్యులు ఆ పనిలో ఉన్నారు. తెలంగాణ ఏర్పడ్డాక దాన్ని కొనసాగించింది. వెయ్యి చదరపు మీటర్ల స్థలం లేదా రెండు వేల చదరపు మీటర్ల నిర్మాణం దాటిన వాణిజ్య భవనాలకు, పరిమాణంతో సంబంధం లేకుండా హోటళ్ళు, ఆసుపత్రులు, మల్టీప్లెక్సులు, కన్వెన్షన్ సెంటర్లకు అది వర్తిస్తుంది. కేంద్ర చట్టంలో కొలత వేరు. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు లేదా 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు ఉంటేనే భవనం దాని పరిధిలోకి వస్తుంది.

100 కిలోవాట్లు. పది గదుల బడిలో గదికి నాలుగు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులైట్లు ఉన్నాయనుకుంటే మొత్తం లోడు నాలుగు కిలోవాట్లు కూడా ఉండదు. అటువంటి బడులు పాతిక కలిపినా చట్టం కంటికి ఆనవు.

కొలత ఒక్కటే అడ్డంకి అయితే సరిచేయడం తేలిక. 2022లో చట్టాన్ని సవరించి, కార్యాలయాలను, నివాస భవనాలను కూడా చేర్చారు. లోడు పరిమితిని తగ్గించుకునే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. కానీ ఇంకో అడ్డంకి ఉంది, అది దారికి సంబంధించినది. ఇంధన నియమావళి తనిఖీ భవన అనుమతి దరఖాస్తు వెంట నడుస్తుంది. దరఖాస్తు పెడతారు, నిర్ణీత అర్హత ఉన్న నిపుణుడు సర్టిఫికెట్ ఇస్తాడు, అనుమతి వస్తుంది. ప్రభుత్వ నిధులతో లేచే బడి ఆ దారిన రాదు. దానికి ముందు పరిపాలనా అనుమతి, తర్వాత అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) వేసే ఎస్టిమేటు, సాంకేతిక అనుమతి, టెండరు, పని, మెజర్‌మెంట్ బుక్కులో కొలతలు, బిల్లు. ఆ కాగితాల వరుసలో ఇటుకకు ఒక గడి ఉంది, ఇనుముకు ఒక గడి ఉంది, పునాది లోతుకు ఉంది. ఎండకు లేదు.

ఎస్టిమేటు అనే ఆ కాగితం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో పనిచేసేవాళ్ళు ఎవరైనా చెప్పే మాటే ఇది: రేట్ల పట్టికలో ఉన్న ఐటం అయితే రాయడం నిమిషం పని, లేని ఐటం రాయాలంటే విడిగా రేటు విశ్లేషణ చేసి పైవాళ్ళ చేత ఒప్పించుకోవాలి. ఇరవై లక్షల పనికి అంత తిరుగుడు ఎవరూ పెట్టుకోరు. పెట్టుకోవడం లేదని ఆ ఇంజినీర్లను తప్పుపట్టడం న్యాయం కాదు. వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది సిబ్బందితో మండలమంతా తిరిగేవాళ్ళు వాళ్ళు. ప్రమాణం వాళ్ళ చేతికి తయారుగా అందాలి.

అలా తయారుగా అందితే ఏమవుతుందో చూడాలంటే రైతువేదికలను చూడాలి. 2020లో తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయ క్లస్టరుకు ఒకటి చొప్పున 2,601 రైతువేదికలు తలపెట్టింది. మొదటిది ఆ ఏడాది అక్టోబరు 31న జనగామ జిల్లా కొడకండ్లలో ప్రారంభమైంది. ఒక్కోదానికి 22 లక్షల రూపాయలు, 2,046 చదరపు అడుగులు. రాష్ట్రమంతా ఒకే నమూనా. కొద్ది నెలల్లో మారుమూల పల్లెల్లో కూడా అదే కొలతతో, అదే ముఖభాగంతో లేచాయి. ప్రభుత్వం తలుచుకుంటే ఒక డ్రాయింగు ఎంత వేగంగా ఎన్ని ఊళ్ళకు చేరుతుందో దానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇప్పుడు ఊహించండి: ఆ ఒక్క డ్రాయింగులో స్లాబు మీద తెల్ల పూత అని ఒక వరుస ఉంటే 2,601 పైకప్పులు, సుమారు ఐదు లక్షల చదరపు మీటర్లు, ఒకేసారి చల్లబడేవి. చదరపు మీటరుకు 300 రూపాయలు వేసుకున్నా ఒక్కో వేదికకు 57 వేలు, అంటే ఖర్చులో రెండున్నర శాతం. ఆ అవకాశం మళ్ళీ అంత సులువుగా రాదు. కట్టిన తర్వాత వేయాలంటే 2,601 వేరువేరు పనులు.

ఆ 300 రూపాయల లెక్క కూల్ రూఫ్ విధానం నాటిది. 2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం 2023-28 కాలానికి ఈ విధానాన్ని విడుదల చేసింది. కూల్ రూఫ్ ఖర్చు చదరపు మీటరుకు దాదాపు ఇంతేనని ఆనాటి మున్సిపల్ మంత్రి ఆ రోజు చెప్పారు. 2028 నాటికి హైదరాబాదు పరిధిలో 200, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబరచాలన్నది లక్ష్యం. మన విషయానికి ముఖ్యమైన మాట ఏమిటంటే, ప్రభుత్వ భవనాలకు, ప్రభుత్వం కట్టించే ఇళ్ళకు పరిమాణంతో నిమిత్తం లేకుండా ఇది తప్పనిసరి. ప్రైవేటు ఇళ్ళకైతే 600 చదరపు గజాల స్థలం దాటితేనే. ఈసీబీసీ వదిలేసిన చిన్న భవనాన్ని పట్టుకున్న మొదటి రాత ఇదే, ఆ మేరకు ఇది మంచి విధానం. దేశంలో ఇలాంటిది రాష్ట్రస్థాయిలో తెచ్చినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు.

దాని వెనక హైదరాబాదులోనే చేసిన కొలతలున్నాయి. సత్యం కంప్యూటర్స్ శిక్షణ ప్రాంగణంలో ఐఐఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు కలిసి భవనాల పైకప్పులకు తెల్ల పూత వేసి, ముందూ తర్వాతా కరెంటు వాడకాన్ని కొలిచారు. 2012లో ఫలితాలు ప్రచురించారు. అంతకుముందు నల్లగా ఉన్న కప్పుకైతే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు, పూతలేని ఉత్త కాంక్రీటుకైతే 13 నుంచి 14 యూనిట్లు ఆదా అయ్యాయి. ఇవి ఏసీ భవనాలు. 2017లో బంజారాహిల్స్ దగ్గరి దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ళ మీద తెల్లటి పొర పరిచినప్పుడు లోపలి ఉష్ణోగ్రత సగటున రెండు డిగ్రీలు తగ్గింది. అక్కడ ఏసీలు లేవు, కాబట్టి యూనిట్లలో చెప్పడానికి ఏమీ లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఉంది. మన చిన్న ప్రభుత్వ భవనాలకు ఇంధన ప్రమాణం ఎందుకని అడిగితే, కరెంటు బిల్లు తగ్గుతుందని చెప్పడం అలవాటు. బడి విషయంలో ఆ జవాబు నిలబడదు. గదిలో నాలుగు మామూలు ఫ్యాన్లు తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే, రోజుకు ఆరు గంటలు, ఏడాదికి రెండు వందల రోజుల లెక్కన 200 యూనిట్ల పైచిలుకు మిగులుతుంది. మంచిదే. కానీ స్లాబుకు పూత వేస్తే ఆ గది బిల్లులో పైసా కూడా తగ్గదు, ఎందుకంటే అక్కడ చల్లదనం కోసం ఖర్చు చేస్తున్నదేమీ లేదు. ఆ వేడిని పిల్లలు, టీచరు ఒంటి మీదే మోస్తున్నారు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెట్టుకోవడానికి బయటి ఎండ ఒక కారణమైతే, మధ్యాహ్నం ఆ గదుల్లో కూర్చోలేకపోవడం ఇంకో కారణం. లక్షలు పోసి కట్టిన గది ఏడాదిలో కొన్ని వారాలపాటు సగం పూటే పనికొస్తోంది. బిల్లుల్లో ఆదాను మాత్రమే లెక్కగట్టే ఏ పద్ధతైనా ఈ నష్టాన్ని సున్నా అంటుంది. ఆ పద్ధతిని మార్చకుండా పేదల భవనాలకు మంచి ప్రమాణం ఎప్పటికీ గిట్టుబాటు కాదు. ప్రమాణం రాసేటప్పుడు యూనిట్లతోపాటు డిగ్రీలను కూడా ఆదాగా రాయాలి.

బిల్లు ఎప్పుడు మొదలవుతుందంటే, ఏసీ వచ్చినప్పుడు. తహసీల్దారు గదికి వచ్చేసింది, కంప్యూటర్ గదికి వస్తోంది, మందులు నిల్వ చేసే గదికి రావాలి. ఒక టన్ను ఏసీ గదిలోంచి బయటికి తోడగలిగేది మూడున్నర కిలోవాట్ల వేడి. పై లెక్కలో ఉత్త స్లాబు గుండా దిగుతున్నది కూడా సరిగ్గా అంతే. అంటే మొదటి టన్ను ఏసీ మొత్తం పైకప్పుకే సరిపోతుంది. మనుషుల కోసం రెండోది కావాలి. స్లాబు వేసిన రోజున చేయని పనికి ఆ భవనం ఉన్నన్నాళ్ళూ ప్రతి వేసవి బిల్లు కట్టాలి.

తెల్లగా ఉంటే చాలా అంటే, చాలదు. ఎండను తిప్పికొట్టడం ఒక గుణం, పీల్చుకున్న వేడిని తిరిగి ఆకాశంలోకి వదిలేయడం ఇంకో గుణం. మొదటిదాన్ని పరావర్తన, రెండోదాన్ని ఉద్గారత అంటారు. ఈసీబీసీ 2017 రెండూ అడుగుతుంది: పరావర్తన కనీసం 0.6, ఉద్గారత కనీసం 0.9. పూత వేయని మెరిసే జింకు రేకు మొదటి పరీక్షలో నెగ్గి రెండోదాంట్లో ఓడిపోతుంది. కొత్తలో ఎండను తిప్పికొడుతుంది గానీ ఒకసారి వేడెక్కితే వదలదు. తుప్పుపట్టాక మొదటి గుణం కూడా పోతుంది. మధ్యాహ్న భోజనం వండే షెడ్లు చాలాచోట్ల ఈ రేకులవే. కింద పొయ్యి మంట, పైన రేకు మంట, మధ్యలో నిలబడి వందమందికి వండే ఆడవాళ్ళు. ఏ ప్రమాణమైనా ఈ షెడ్డుతో మొదలు కావాలని నా అభిప్రాయం. భవనమని కూడా ఎవరూ లెక్కపెట్టని చోటు అది.

సున్నం ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గుతుంది. చవక, చేతికి అందేది. దాని చిక్కు మన్నికతో. ఒక వానాకాలానికే కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. యాక్రిలిక్ పూతలు కొన్నేళ్ళు నిలుస్తాయి గానీ దుమ్ము పట్టి మొదటి ఏడాదిలోనే కొంత తెలుపు పోగొట్టుకుంటాయి. విరిగిన తెల్ల టైలు ముక్కలను పరిచే పద్ధతి ఖర్చు ఎక్కువైనా ఎక్కువకాలం నిలుస్తుంది. పైగా కడిగితే మళ్ళీ తెలుపు వస్తుంది. కాబట్టి ప్రమాణంలో కట్టేనాటి అంకె ఒక్కటే రాస్తే సగం పనే. నిర్వహణకు ఏటా ఎంత, ఎవరి పద్దు నుంచి అన్నది కూడా అదే కాగితంలో ఉండాలి. బడికి చీపురుతో స్లాబు ఊడ్చే ఏర్పాటు లేకపోతే మూడో ఏటికి పూత ఉన్నా లేనట్టే.

ఇప్పుడు ఆ ఆలస్యం సంగతి. ఐదంగుళాల స్లాబు మధ్యాహ్నం పన్నెండున్నరకు తీసుకున్న గరిష్ఠ వేడిని నాలుగు ప్రాంతంలో కింది గదికి ఇస్తుంది, రాత్రి పది దాకా ఇస్తూనే ఉంటుంది. పంచాయతీ కార్యాలయానికి ఇది కొంతవరకు మేలు. ఐదు దాటాక తాళం పడుతుంది, మిగిలిన వేడి ఖాళీ గదిలో పడుతుంది. గురుకుల హాస్టలుకు ఇదే శాపం. పిల్లలు పడుకునే వేళకు స్లాబు ఇంకా పొగలు కక్కుతూ ఉంటుంది, బయట గాలి అప్పటికే చల్లబడింది, లోపల ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. పగలు వాడే భవనానికీ రాత్రి వాడే భవనానికీ ఒకే నమూనా స్లాబు వేయడం శాస్త్రం ప్రకారం పొరపాటు. హాస్టలుకు, ఇంటికి నిరోధక పొర తప్పనిసరి. అది స్లాబు పైన ఉండాలి. కింద ఫాల్స్ సీలింగుగా పెడితే స్లాబు కాలుతూనే ఉంటుంది, దాని వయసు కూడా తగ్గుతుంది. పైన పెడితే కాంక్రీటు రోజంతా నీడలో ఉంటుంది.

మన పాత మేస్త్రీలకు ఇది తెలియనిది కాదు. దూలాల మీద ఇటుకను నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కలు, డంగు సున్నం కలిపి దిమ్మిస కొట్టి కప్పు వేసిన కాలంలో ఆ పొర మందమే వేడిని ఆపేది. ఆర్‌సీసీ వచ్చాక బలం పెరిగి మందం తగ్గింది, పై పొరను నీరు కారకుండా ఆపే పనికి కుదించారు. పాత కప్పులు తిరిగి కట్టమని కాదు. ఆ కప్పు చేస్తున్న రెండు పనుల్లో ఒకదాన్ని మనం వదిలేశామని గమనిస్తే చాలు. నీడ విషయమూ అంతే. హైదరాబాదు నుంచి మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా మన్నెగూడ వైపు వెళ్ళే రోడ్డు వెంట వందల మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తీసేయాలన్నప్పుడు జనం పోరాడి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో పది శాతం హరిత పద్దుకు కేటాయించాలి. ఆ డబ్బుతో నాటే మొక్కల్లో కొన్నిటినైనా రోడ్డు మధ్య డివైడరులో కాకుండా బడి పడమటి గోడకు నీడపడేచోట నాటితే, ఆ పద్దు భవనానికీ పనికొస్తుంది.

స్థానిక ప్రభుత్వం ఇలాంటి షరతు పెట్టగలదా అని సందేహించేవారికి బయటి ఊళ్ళ అనుభవం చెప్పాలి. అమెరికాలో సియాటిల్ నగరం 2000లోనే, తన డబ్బుతో కట్టే 5,000 చదరపు అడుగులు దాటిన ప్రతి భవనమూ లీడ్ వెండి స్థాయి అందుకోవాలని నిర్ణయించింది. న్యూయార్క్ నగర మండలి 2005లో 86వ స్థానిక చట్టం చేసింది. ఇరవై లక్షల డాలర్లు దాటిన నగర నిర్మాణాలకే గాక, నగరం నుంచి పెద్ద మొత్తంలో డబ్బు తీసుకుని ఇతరులు కట్టేవాటికి కూడా దాన్ని వర్తింపజేసింది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ 2007లో నగర భవనాలు, నగర గృహనిర్మాణ సంస్థ కట్టే ఇళ్ళు అతి తక్కువ ఇంధనంతో నడిచే పాసివ్ హౌస్ ప్రమాణంలో ఉండాలని తీర్మానించింది. మూడుచోట్లా ఒకే తర్కం. ప్రైవేటు యజమానిని కదిలించడానికి కొత్త నిబంధనలు, కోర్టులు, ఏళ్ళ వాదనలు కావాలి. సొంత డబ్బు ఇచ్చేచోట అవేవీ అక్కర్లేదు. డబ్బు ఇచ్చేవాడు ఏం కావాలో ముందే చెప్పవచ్చు.

మొయినాబాద్‌కు, చేవెళ్ళకు ఇప్పుడే ఇది ఎందుకు అవసరమంటే, ఇక్కడ కట్టాల్సింది ఇంకా ముందుంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఈ ప్రాంతంలో 84 గ్రామాల్లో నిర్మాణాలను దాదాపు పాతికేళ్ళు అదుపులో ఉంచింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ కట్టడిని సడలించింది. జలాశయాలకు అది మేలా కీడా అన్నది వేరే అధ్యాయం, నాకు భయం ఉంది. ఇంతలో చేవెళ్ళ, మొయినాబాద్ రెండూ పంచాయతీల నుంచి మున్సిపాలిటీలయ్యాయి. జనం పెరిగితే బడి గదులు, బస్తీ దవాఖానాలు, వార్డు కార్యాలయాలు, మార్కెట్ షెడ్లు కట్టక తప్పదు. పాత ఊళ్ళలో ఉన్న భవనాలను బాగుచేయడం కష్టం. ఇక్కడ ఇంకా ఎస్టిమేటు దశలో కూడా లేని భవనాలే ఎక్కువ.

అందుకు మున్సిపల్ కౌన్సిల్ చేయాల్సిన తీర్మానం పొడవైనది కానక్కర్లేదు. మున్సిపల్ నిధులతో చేపట్టే ఏ భవనమైనా తూర్పు పడమరలుగా పొడవుండాలి, తలుపులు కిటికీలు ఉత్తర దక్షిణాలకు రావాలి. స్థలం ఒప్పుకోకపోతే పడమటి గోడకు వరండా. పైకప్పు యు-విలువ 1.2 దాటకూడదు, పూత పరావర్తన 0.6కు తగ్గకూడదు. ఫ్యాన్లు బీఎల్‌డీసీవి. ఇవన్నీ సాధ్యమైనవే, కొత్త యంత్రాలు అక్కర్లేదు. సోలార్ పలకలు వీటి తర్వాత. పలకలు స్లాబుకు నీడ కూడా ఇస్తాయి గానీ, కాలే కప్పు కింద ఏసీ నడపడానికి సోలార్ పెట్టడం డబ్బు తగలేయడమే.

తనిఖీకి పెద్ద ప్రయోగశాల కూడా అక్కర్లేదు. దూరం నుంచి గురిపెట్టి స్లాబు ఉష్ణోగ్రత చదివే పరికరం, గాలి ఉష్ణోగ్రతకు ఒక మామూలు థర్మామీటరు ఏఈ చేతిలో ఉంటే చాలు. కట్టిన తర్వాత వచ్చే మొదటి వేసవిలో, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల వేళ గది లోపలి నుంచి స్లాబును ఒకసారి, గది గాలిని ఒకసారి చదవాలి. పైన చెప్పిన లెక్క ప్రకారం పూత, నిరోధక పొర రెండూ సరిగా ఉన్న కప్పు గది గాలి కంటే మూడు డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదు. కాంట్రాక్టరు డిపాజిట్టును ఆ చదివిన అంకె మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కాకే తిరిగి ఇవ్వాలి. అంకె బుక్కులో ఉంటే ఆడిట్‌కు కనపడుతుంది, సమాచార హక్కు దరఖాస్తుకు దొరుకుతుంది.

ప్రజల డబ్బుతో లేచే కట్టడాల్లో సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువ ఉండబోయేవి ఇందిరమ్మ ఇళ్ళు. ఇంటికి ఐదు లక్షల రూపాయలు, కనీసం 400 చదరపు అడుగులు. అంటే మనం లెక్కవేసిన తరగతి గది స్లాబు ఎంతో ఇదీ అంతే, 37 చదరపు మీటర్లు. ఇది రాత్రి వాడే భవనం, ముసలివాళ్ళు పసిపిల్లలు పగలు కూడా ఉండే భవనం. డబ్బు నాలుగు విడతల్లో వస్తుంది: పునాది అయ్యాక, గోడలు లేచాక, స్లాబు పడ్డాక, ఇల్లు పూర్తయ్యాక. ప్రతి దశలో అధికారి వచ్చి ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తాడు. చివరి విడతకు ఎలాగూ తీసే ఫొటోల్లో స్లాబు పైభాగం ఫొటో ఒకటి చేర్చి, అది తెల్లగా ఉండాలని షరతు పెట్టవచ్చు. చదరపు మీటరుకు 300 చొప్పున 11 వేల రూపాయలు, ఐదు లక్షల్లో రెండు శాతానికి కొంచెం పైన. కానీ ఆ భారాన్ని ఇప్పటికే అప్పుచేసి గోడలు లేపుతున్న కుటుంబం మీద వేయకూడదు. విడత మొత్తానికి ఆ 11 వేలు కలపాలి, లేదా పూత సామాను మండల కేంద్రంలో సర్కారే ఇవ్వాలి. బడికి, వార్డు ఆఫీసుకు చేవెళ్ళ కౌన్సిల్ తీర్మానం సరిపోతుంది. ఈ ఇళ్ళకు మాత్రం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఉత్తర్వు కావాలి. 2023 నాటి కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ గృహాలను ఎలాగూ కలుపుకుంది కాబట్టి, ఆ ఉత్తర్వుకు కావలసిన ఆధారం ఇప్పటికే ఉంది.